అద్దంలా మెరిసే కత్తి మీద విద్యుత్తుతో ముద్ర వేసే విధానం

కత్తి తయారీలో ముద్ర వేయడం చివరి పనుల్లో ఒకటి. ఉక్కును కోసి, రూపం తెచ్చి, కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచి, 220 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 2000 నంబరు దాకా రోజుల తరబడి రుద్ది, ముఖం కనిపించేంత మెరుపు తెచ్చిన తరువాత, సరిగ్గా ఆ మెరుపు మీదే ఉప్పునీళ్లూ విద్యుత్తూ పెట్టవలసి వస్తుంది. ఉక్కు తేలికగానే కరుగుతుంది. దాని పక్కనున్న మెరుపు చెక్కుచెదరకుండా నిలబెట్టడమే అసలు పని. ఈ మార్గదర్శిలో చెప్పే జాగ్రత్తలన్నీ దాని కోసమే. ఇంట్లోనో చిన్న షెడ్డులోనో వంటింటి కత్తులు, వేట కత్తులు తయారు చేసుకునేవారిని దృష్టిలో పెట్టుకుని దీనిని రాస్తున్నాను.

ముద్ర వేయడానికి వేరే దారులు లేకపోలేదు. గట్టిపరచిన ఉక్కు మీద పంచ్, అంటే సుత్తితో కొట్టే అక్షరాల అచ్చు, దిగదు. బలంగా కొడితే బ్లేడు పగిలే ప్రమాదం ఉంది. గట్టిపరచక ముందే పంచ్ కొడితే పల్చని బ్లేడు వంకర తిరుగుతుంది, పైగా తరువాతి రుద్దుడులో అక్షరాల అంచులు అరిగిపోతాయి. పెళ్లి సామాన్ల మీద పేర్లు కొట్టే యంత్రం గిన్నెలకు బాగానే ఉంటుంది గాని, అద్దం మెరుపు మీద దాని గీత చుక్కలు చుక్కలుగా, గరుకుగా కనిపిస్తుంది. లేజర్ యంత్రం అద్భుతంగా పని చేస్తుంది, కాని నెలకు నాలుగైదు కత్తులు చేసేవారికి అంత పెట్టుబడి దండగ. విద్యుత్ ఎచింగుకు, అంటే విద్యుత్తుతో ఉక్కును కరిగించి ముద్ర వేసే పద్ధతికి, కావలసిన సామగ్రి మాత్రం ఒక చిన్న అట్టపెట్టెలో పడుతుంది.

ఉక్కు ఎలా కరుగుతుంది

బ్లేడును విద్యుత్ సరఫరాలోని ధన కొసకు, ఉప్పునీటిలో తడిపిన ఫెల్ట్ (ఒత్తిన మందపాటి ఉన్ని గుడ్డ) చుట్టిన రుద్దే పిడిని రుణ కొసకు కలుపుతాము. ఫెల్ట్ బ్లేడును తాకగానే మధ్యనున్న ఉప్పునీటి ద్వారా విద్యుత్తు ప్రవహిస్తుంది. బ్లేడు ఉపరితలంలోని ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా నీటిలోకి దిగిపోతాయి, పిడి వైపున హైడ్రోజన్ బుడగలుగా వెలువడుతుంది. ముద్ర ఆకారాన్ని మాత్రం తెరిచి ఉంచి మిగతా ఉక్కును కప్పే పల్చని పొరను స్టెన్సిల్ అంటారు; అది కప్పిన చోట నీరు ఉక్కును తాకదు కాబట్టి అక్కడ ఏమీ జరగదు.

ఎంత కరుగుతుందో లెక్క కట్టవచ్చు. 1830ల్లో మైకేల్ ఫారడే స్థాపించిన విద్యుద్విశ్లేషణ నియమాల ప్రకారం 1 ఆంపియర్ విద్యుత్తు ఒక్క నిమిషం ప్రవహిస్తే దాదాపు 17 మిల్లీగ్రాముల ఇనుము కరుగుతుంది. మన ముద్రలోని గీతల మొత్తం వైశాల్యం అర చదరపు సెంటీమీటరు అనుకుంటే, ఆ నిమిషంలో 0.04 మి.మీ. కంటే కాస్త ఎక్కువ లోతు రావాలి. విద్యుత్తులో కొంత ఇతర చర్యలకు పోతుంది కాబట్టి వాస్తవంలో అంతకంటే తక్కువే వస్తుంది. అయినా ఈ లెక్క ఒక మంచి మాట చెబుతుంది: గోరు కొసకు తగిలేంత లోతు రావడానికి నిమిషం, నిమిషంన్నర చాలు. పది నిమిషాలు పెట్టినా ముద్ర పడలేదంటే లోపం సమయంలో లేదు, మరెక్కడో ఉంది.

పైన చెప్పింది డీసీ, అంటే ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు. ఇది ఉక్కును తొలిచి గుంట చేస్తుంది, కాని గుంట రంగు బూడిదలాగే ఉంటుంది. అదే చోట ఏసీ పెడితే దిశ సెకనుకు వంద సార్లు మారుతూ ఉండడం వల్ల, కరిగిన లోహంలో కొంత నల్లని ఆక్సైడుగా తిరిగి ఆ గుంటలోనే పేరుకుంటుంది. కాబట్టి లోతు కోసం డీసీ, నలుపు కోసం ఏసీ. ఒక్క ఏసీతోనే పని ముగించేవారు ఉన్నారు. ఆ ముద్ర చూడడానికి బాగుంటుంది గాని, కత్తికి మరోసారి మెరుగు పెట్టగానే చెరిగిపోతుంది. ఏళ్ల తరబడి వాడే కత్తికి రెండూ చేయాలని నా గట్టి అభిప్రాయం.

ఉక్కును తినే నీటితో ఉక్కు అందాన్ని బయటికి తేవడం మన నేలకు కొత్త కాదు. నేటి నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో తయారైన ఉట్జు ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లింది. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీది అలల చారలు కనిపించాలంటే ఆమ్లగుణం గల ద్రావణం పూయవలసిందే. గట్టి కార్బైడ్ చారలు నిలబడి, మిగిలిన భాగం కాస్త కరిగితే ఆ నమూనా తేలుతుంది. మనం చేసేదీ ఆ పనే. ఎక్కడ కరగాలో స్టెన్సిల్‌తో నిర్ణయిస్తున్నాము, అంతే.

సామగ్రి

డీసీ కోసం సీసీటీవీ కెమెరాలకు వాడే 12 ఓల్టుల, 2 ఆంపియర్ల అడాప్టరు సరిపోతుంది. ఏసీ కూడా కావాలంటే ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కోవడం మేలు. హైదరాబాదులో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివన్నీ ఒకే చోట దొరుకుతాయి. మధ్య తీగకూ ఒక చివరి తీగకూ మధ్య 12 ఓల్టుల ఏసీ వస్తుంది. దాని నుంచే ఒక బ్రిడ్జ్ రెక్టిఫయరు ద్వారా డీసీ తీసుకుని, రెండింటిలో ఏది కావాలో ఎంచుకోవడానికి ఒక స్విచ్చు పెట్టుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మరుకు ఇరువైపులా ఫ్యూజులు ఉండి తీరాలి. 230 ఓల్టుల వైపు కనెక్షన్లన్నీ మూసిన డబ్బాలో ఉండాలి, ఎందుకంటే ఈ పని మొదటి నుంచి చివరి దాకా తడి చేతులతో జరుగుతుంది. ఆ వైపు తీగలు కలపడం అలవాటు లేకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి. కారు బ్యాటరీని నేరుగా వాడవద్దు. క్లిప్పులు ఒకదానికొకటి తగిలితే అది వదిలే కరెంటుకు తీగలు ఎర్రగా కాలిపోతాయి.

రుద్దే పిడికి బొగ్గుకడ్డీ ఉత్తమం. గ్రాఫైట్ ముక్క దొరికితే ఒక వైపు చదునుగా అరగదీసి, రెండు మూడు పొరల ఫెల్ట్ చుట్టి, దారంతో బిగించాలి. రాగి వాడితే ఏసీ పెట్టినప్పుడు రాగి కరిగి బ్లేడు మీద ఎర్రని మరకలుగా పడుతుంది. చిన్న ముద్రలకైతే ఇయర్ బడ్ తడిపి, దాని దూది మొదట్లో క్రొకొడైల్ క్లిప్ పట్టించినా పని జరుగుతుంది.

ద్రావణానికి 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక చెంచా ఉప్పు, అంటే 5 గ్రాములు, కలిపితే చాలు. బోరు నీళ్లలోని ఖనిజాలు ముద్ర చుట్టూ తెల్లని మరకలు వేస్తాయి కాబట్టి వాహనాల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరు వాడండి. అక్కడే బ్యాటరీ యాసిడ్ కూడా దాదాపు అలాంటి డబ్బాలోనే అమ్ముతారు. లేబుల్ చదవకుండా ఇంటికి తెచ్చుకోకండి.

ఇవి కాక అసిటోన్, నూలు గుడ్డలు, వంటసోడా, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు కావాలి. స్టెయిన్‌లెస్ ఉక్కు మీద చేసేవారు ఈ తరువాతి మాటను శ్రద్ధగా చదవాలి. 440సీ వంటి ఉక్కులో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉంటుంది. అది ద్రావణంలోకి దిగినప్పుడు కొన్ని పరిస్థితుల్లో క్యాన్సర్ కారకమైన రూపంలోకి మారవచ్చు. ఉప్పునీటి నుంచి కొద్దిగా క్లోరిన్ కూడా రావచ్చు. గాలి ఆడే చోట కూర్చోవాలి, గ్లవ్స్ తీయకూడదు, వాడిన దూదినీ నీటినీ సింకులో గాని చెట్ల మొదట్లో గాని పోయకుండా మూత గల డబ్బాలో వేరుగా ఉంచి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునేవారికి అప్పగించాలి. వంటింటి పాత్రలను ఈ పనికి వాడకూడదు.

ముద్ర గీయడం, అందులోనూ తెలుగులో

ఉక్కు కిందికే కాదు, పక్కకు కూడా కరుగుతుంది. స్టెన్సిల్‌లో 0.3 మి.మీ. ఉన్న గీత బ్లేడు మీద అంతకంటే వెడల్పుగా పడుతుంది, రెండు గీతల మధ్య సందు ఆ మేరకు ఇరుకవుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. తెలుగు లిపికి ఇబ్బందే. ప, స, హ వంటి అక్షరాల్లో తలకట్టు కింది ఒంటికి అంటకుండా విడిగా నిలుస్తుంది. ఆ సందు 0.2 మి.మీ. ఉంటే డీసీ పూర్తయ్యేసరికి తలకట్టు ఒంటితో కలిసిపోయి అక్షరం ఒక నల్లని ముద్దలా మారుతుంది. గుడి, సున్న, ఒత్తుల లోపలి ఖాళీలకూ అదే గతి.

అందుకని తెలుగు ముద్రకు అక్షరం ఎత్తు కనీసం 6 మి.మీ. పెట్టుకోవడం, గీత మందం అంతటా ఒకేలా ఉండే ఖతిని (ఫాంటును) ఎంచుకోవడం, సందులను కావాలని కొంచెం ఎక్కువ వెడల్పు చేయడం అవసరం. ఒత్తులున్న పూర్తి పేరుకంటే ఒక్క అక్షరమో, ఒక అక్షరం చుట్టూ ఒక గీతో ఉన్న ముద్ర శుభ్రంగా పడుతుంది. కాగితం మీద అసలు పరిమాణంలో అచ్చు వేసి, చేయి చాచినంత దూరంలో పెట్టి చదవండి. అక్కడ తడుముకోకుండా చదవగలిగితే బ్లేడు మీద కూడా చదవగలుగుతారు.

స్టెన్సిల్ మూడు రకాలుగా చేసుకోవచ్చు. అన్నిటికంటే సులువైనది వినైల్. నంబరు ప్లేట్లు, స్టిక్కర్లు కోసే దుకాణంలో మీ బొమ్మ ఇస్తే ప్లాటరు మీద కోసి ఇస్తారు. ఒకేసారి పది కాపీలు కోయించుకోండి, ఎందుకంటే ప్రతి కత్తికీ ఒకటి ఖర్చవుతుంది. అక్షరాల లోపలి ద్వీపాలు జారిపోకుండా పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేయించుకోవడం మరచిపోవద్దు. రెండవది, సర్క్యూట్ బోర్డుల తయారీలో వాడే ఫోటోరెసిస్ట్ పొర. దానిని బ్లేడు మీద అంటించి, పారదర్శకమైన షీటు మీద నల్లగా అచ్చు వేసిన ముద్రను పైన పెట్టి అతినీలలోహిత కాంతి పడనిస్తే, వెలుగు పడిన చోటు గట్టిపడుతుంది, నలుపు కింది చోటు మెత్తగానే ఉండి బట్టల సోడా కలిపిన పలుచని నీటిలో కరిగిపోతుంది. సన్నని గీతలకు ఇంతకు మించినది లేదు, కాని అలవాటు కావడానికి చాలా బ్లేడు ముక్కలు పాడవుతాయి. మూడవది నెయిల్ పాలిష్ పూసి సూదితో గీయడం. ఒక్క కత్తి మీద చేతిరాతతో పేరు రాయాలనుకునేవారికి అది చాలు.

బ్లేడును సిద్ధం చేయడం

ముద్ర వేసేనాటికి కత్తికి పదును పెట్టి ఉండకూడదు. పదును లేకపోయినా అంచుకు పేపర్ టేపు రెండు పొరలు చుట్టాలి, చేతికి ఒక రక్షణ, అంచుకు ఒక రక్షణ. కత్తికి పిడి బిగించక ముందే ఈ పని చేస్తే ధన క్లిప్పును పిడిలోకి వెళ్లే తోకకు పట్టించవచ్చు. మెరుపు పెట్టిన భాగానికి క్లిప్పు ఎప్పుడూ పట్టించకూడదు. అది కాస్త కదిలితే నిప్పురవ్వ లేచి ఆవగింజంత గుంట పడుతుంది, దానిని తీయాలంటే మళ్లీ 400 నంబరు కాగితం దగ్గరికి వెళ్లాలి. కత్తి పిడి ముందే బిగించి ఉంటే, బ్లేడు వెన్ను మీద రాగిరేకు మడిచి పెట్టి, దాని మీద క్లిప్పు కదలకుండా కట్టాలి.

తరువాత జిడ్డు. మెరుగు పెట్టే పేస్టులోని మైనం కంటికి కనిపించకుండా ఉపరితలం మీద ఉంటుంది. గ్లవ్స్ వేసుకుని, అసిటోన్‌లో తడిపిన కొత్త గుడ్డతో ఒకే దిశలో తుడిచి, గుడ్డ మార్చి మళ్లీ తుడవండి. ఆపైన కొద్దిగా నీళ్లు పోసి చూడండి. నీరు సన్నని పొరలా పరుచుకుంటే బ్లేడు శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీది నీటిబొట్టుల్లా ముడుచుకుంటే జిడ్డు ఇంకా ఉన్నట్టు. ఈ పరీక్షలో నెగ్గని బ్లేడు మీద స్టెన్సిల్ అంటించవద్దు.

ఇంకో మాట కూడా ఉంది, దానిని నష్టపోయి నేర్చుకున్నాను. ఒక కత్తి మీద వినైల్ చక్కగా అంటిందని నమ్మి, ముద్ర లోతుగా రావాలనే ఆత్రంతో తడి ఎక్కువగా ఉన్న ఫెల్టును అర నిమిషం పాటు ఎత్తకుండా నొక్కి పట్టాను. అక్షరం చాలా బాగా వచ్చింది. కాని స్టెన్సిల్ ఊడదీసి బ్లేడును ట్యూబులైటు కింద వాలుగా పట్టుకుంటే, ఆ ముద్ర కింద బొటనవేలి గోరంత మేర మెరుపు మాసిపోయి, అద్దం మీద ఊపిరి ఊదినట్టు బూడిదరంగు పొర కనిపించింది. తుడిస్తే పోలేదు, ఎందుకంటే అది మరక కాదు. వినైల్ అంచు కింద నుంచి పాకిన ఉప్పునీరు అక్కడి ఉక్కును తిన్నది. ఆ గోరంత చోటు కోసం బ్లేడు ముఖమంతా మళ్లీ 600 నుంచి 2000 దాకా రుద్దడానికి మూడు సాయంకాలాలు పట్టింది. అప్పటి నుంచి నేను పాటించే నియమం ఒక్కటే: ఫెల్టు తడిగా ఉండాలి, కారకూడదు.

స్టెన్సిల్ అంటించేటప్పుడు మధ్య నుంచి అంచులకు గాలి బుడగలు లేకుండా ఒత్తి, అక్షరాల అంచులను వెదురు పుల్ల కొసతో ఒక్కొక్కటిగా అదమండి. స్టెన్సిల్ చుట్టూ కనీసం 4 సెం.మీ. మేర బ్లేడును టేపుతో కప్పండి. వంటింటి కత్తికి ముద్రను పిడికి దగ్గరగా, వెన్నుకు సమీపంలో వేస్తే, కొన్నేళ్ల సానతో బ్లేడు అరిగినా అది నిలుస్తుంది.

డీసీ: లోతు

అసలు కత్తి మీద చేయి పెట్టే ముందు, అదే ఉక్కు ముక్కను అలాగే గట్టిపరచి, మెరుగు పెట్టి, దాని మీద రెండు ముద్రలైనా వేసి చూడండి. వంటింటి స్టీలు చెంచా మీద చేసిన సాధన, 1095 వంటి కార్బన్ ఉక్కుకు పనికిరాదు. రెండూ వేర్వేరు వేగంతో కరుగుతాయి.

ఫెల్టును ద్రావణంలో ముంచి, గుడ్డ మీద ఒకసారి అద్ది, అదనపు నీరు తీసేయండి. రుద్దే పిడి రుణ కొసకు, బ్లేడు ధన కొసకు ఉన్నాయో లేదో చూసుకుని ముద్ర మీద సమంగా ఆనించండి. సన్నని చిటపట శబ్దం వస్తుంది, అంచుల్లో నురగ కనిపిస్తుంది. నాలుగు సెకన్లు లెక్కపెట్టి ఎత్తేయండి. బూడిదరంగు బురద కనిపిస్తే పొడి గుడ్డతో అద్ది తీయండి, రుద్దకండి. ఊపిరి తీసుకునేంత సేపు ఆగి మళ్లీ ఆనించండి. ఇలా పదిహేను, ఇరవై సార్లు చేస్తే మొత్తం నిమిషానికి అటూ ఇటూ అవుతుంది.

ఇన్ని చిన్న ముక్కలుగా ఎందుకు చేయాలంటే, ఎత్తకుండా పట్టుకుంటే ఫెల్టులోని నీరు వేడెక్కి పొగలు కక్కుతుంది, ఆ వేడికి వినైల్ జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి, ఆ సందులోకి ఉప్పునీరు దూరుతుంది. నా కత్తి మీద జరిగింది సరిగ్గా అదే. నాలుగైదు సార్లకొకసారి ఫెల్టును కొత్త ద్రావణంలో ముంచి పిండుకోండి. తుప్పు రంగు ఎక్కిన ఫెల్టు ముద్రలో గరుకుదనం తెస్తుంది. ఫెల్టు అరిగి బొగ్గుకడ్డీ నేరుగా బ్లేడును తాకితే నిప్పురవ్వ వస్తుంది కాబట్టి దాని మందాన్ని కూడా చూస్తూ ఉండండి.

ఏసీ: నలుపు

స్టెన్సిల్ తీయకుండానే ముద్రను తడిగుడ్డతో శుభ్రం చేసి, స్విచ్చును ఏసీకి మార్చి, రెండేసి సెకన్ల చొప్పున మూడు నాలుగు సార్లు ఆనించండి. రంగు కళ్ల ముందే ముదురుతుంది. నల్లబడగానే ఆపేయాలి. ఇంకా నలుపు రావాలని కొనసాగిస్తే పొర మందమై, ఎండిన తరువాత పొలుసుల్లా రాలుతుంది.

కడగడం, మళ్లీ మెరుగు

ముందు సరఫరా ఆపి, ప్లగ్గు తీయండి. స్టెన్సిల్ మీద ఉన్న ద్రావణాన్ని పొడి గుడ్డతో పీల్చిన తరువాతే దానిని ఊడదీయాలి, లేకపోతే ఇంతసేపూ కాపాడిన మెరుపు మీద ఉప్పునీరు ఒలుకుతుంది. గ్లాసు నీటిలో చెంచా వంటసోడా కలిపి, మెత్తని గుడ్డతో ముద్ర మీద అద్ది, మంచినీటితో కడిగి, వెంటనే తుడిచి, గుంటల్లో తేమ మిగలకుండా హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టండి. కార్బన్ ఉక్కు మీద ఉప్పు ఉంటే గంటలోపే తుప్పు మొదలవుతుంది. తరువాత అసిటోన్‌తో జిగురు తుడవండి.

అంచుల వెంట వెంట్రుకవాసి మసక ఎంత జాగ్రత్తగా చేసినా కొద్దిగా ఉండవచ్చు. 2000 నంబరు వాటర్ పేపరును చదునైన గట్టి రబ్బరు దిమ్మకు చుట్టి, బ్లేడు పొడవునా ఒకే దిశలో నాలుగైదు సార్లు లాగితే అది పోతుంది. దిమ్మ చదునుగా ఉండడం వల్ల గుంటలోని నలుపును కాగితం తాకదు. వేలితో రుద్దితే మాత్రం కాగితం గుంటలోకి దిగి అక్షరం అంచులు గుండ్రబడతాయి. డీసీతో లోతు తీయడం ఎందుకు అవసరమో ఈ దశలో స్పష్టంగా తెలుస్తుంది. ఆపైన మెరుగు పేస్టుతో చేత్తో తేలికగా తుడిస్తే చాలు; బఫింగ్ చక్రానికి పెడితే అది అక్షరాల అంచులను లాగేస్తుంది.

ఏదైనా తేడా వస్తే

నురగ రాకపోతే ముందు ధన క్లిప్పు పట్టిన చోటు చూడండి, అక్కడి పెయింటో, కొలిమి పొక్కో విద్యుత్తును ఆపుతుంది. నురగ వస్తూ ముద్ర పడకపోతే కొసలు తారుమారయ్యాయి. ముద్ర కొంత లోతుగా, కొంత పైపైన పడితే జిడ్డు మిగిలిందని అర్థం, లేదా ఫెల్టు చదునుగా లేదు. అక్షరాల మధ్య సందులు మూసుకుపోతే బొమ్మనే మార్చాలి. సమయం తగ్గించి సరిపెట్టుకుంటే లోతు రాదు. మసక పొర వెడల్పుగా పరుచుకుంటే 2000 కాగితంతో మొదలుపెట్టకండి, అది గీతలను నునుపు చేస్తుందే గాని గుంటలను తీయదు. 600 దగ్గరికి వెనక్కి వెళ్లి, ఒక్కో నంబరుకూ దిశ మార్చుతూ, ముందటి గీతలు పూర్తిగా పోయాకే తరువాతి కాగితం తీసుకోవాలి. ముద్ర లోతుగా ఉంటే ఈ రుద్దుడునూ తట్టుకుంటుంది, పైన మళ్లీ ఒకసారి ఏసీ పెట్టుకోవచ్చు, కాని అందుకు స్టెన్సిల్‌ను అదే చోట గీతకు గీత సరిపోయేలా అంటించాలి.

అన్నీ సరిగ్గా వచ్చాక ముద్ర మీద ఆహారానికి పనికివచ్చే మినరల్ ఆయిల్ ఒక చుక్క వేసి, తుడిచి, కత్తిని పిడికీ పదునుకూ పంపవచ్చు. రెండు రోజుల తరువాత ఒకసారి ఆ అక్షరాలను భూతద్దంతో చూడండి. గుంటల అడుగున ఎర్రని చుక్కలు కనిపిస్తే ఉప్పు మిగిలినట్టే; వంటసోడా నీటితో మళ్లీ కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి.